ప్రూఫు ప్రతికి నేను తీసేసిన తొడుగు

పాత పుస్తకాల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది, అరుదైన పుస్తకాన్ని చూడగానే ఎలా పోల్చుకోవాలి అని. అది నాలుగైదేళ్ళలో ఎవరికైనా వస్తుంది. అంత తొందరగా రానిది ఇంకొకటి ఉంది. దొరికిన వస్తువును దొరికినట్టే ఉంచడం. నాకది ఒక తప్పు చేశాక గాని రాలేదు. ఆ తప్పు గురించే ఇక్కడ ఎక్కువ రాస్తాను, ఎందుకంటే దానివల్ల నష్టపోబోయింది నేను కాదు, ఇంకొకావిడ.

నేను బడికి వెళ్ళలేదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసింది. మా అమ్మ ఇంట్లోనే బైబిలు ముందు పెట్టుకుని తెలుగు నేర్పింది. పక్క క్వార్టర్లో ఉండే దీదీ బెంగాలీ నేర్పింది. మాది కలకత్తాకు లోకల్ రైలు దూరంలో ఉన్న రైల్వే ఊరు. నాన్న అక్కడి రైల్వే ఆఫీసు రికార్డుల గదిలో పనిచేసేవారు. చినిగిన ఫైలుకు కుట్టు వేయడం, మైదా జిగురు ఉడికించడం, క్యాలికో గుడ్డ అంటించడం ఆయన దగ్గరే పట్టుబడ్డాయి. ఇంతే నా చదువు. ఇంత కొంచెం చదువుతో దేవుడు నన్ను ఎనభైల మొదటి నుంచి తొంభైల చివరిదాకా పుస్తకాల మధ్య కూర్చోబెట్టాడు. ఇప్పటికీ పొద్దున్నే నా మొదటి స్తోత్రం దానికే.

వెనక గది

మా ఊళ్ళో పూరీ గేటు దగ్గర నిమాయి దాదాకి పాత పుస్తకాల కొట్టు ఉండేది. ఆయన బెంగాలీయే గాని తెలుగువాళ్ళ క్వార్టర్ల మధ్య పుట్టి పెరిగినవాడు, నాతో మా తెలుగే మాట్లాడేవాడు. ముందు గదిలో బడి పుస్తకాలు, గైడ్లు. చినిగినవాటిని బాగుచేయడానికి నన్ను పెట్టుకున్నాడు. మూడు నెలలయ్యాక గాని వెనక గది తలుపు తీయలేదు.

ఆ గదిలో ఉన్నవి పిల్లల పుస్తకాలు. మాయలు, ఎగిరే జంతువులు, కనపడని రాజ్యాలు, అలాంటి నవలలు. బెంగాలీవి, కొన్ని ఇంగ్లీషువి. చూస్తే ఒక్కటీ అందంగా లేదు. నాసిరకం కాగితం, మెత్తని అట్ట, కొన్నిటిలో బొమ్మ ఉండాల్సిన చోట ఖాళీ చదరం. నా ముఖం చూసి దాదా నవ్వాడు.

“ఏటి రూత్, సెత్త అనుకుంతన్నావా?”

“కాదేటి దాదా?”

“ఇవి పుట్టకముందు పుస్తకాలు.”

తర్వాత వివరంగా చెప్పాడు. నవల బజారుకు రాకముందు ప్రచురణకర్తలు కొద్ది ప్రతులు మామూలు కాగితం మీద తీస్తారు. వాటిని పత్రికల్లో సమీక్షలు రాసేవాళ్ళకు, పెద్ద కొట్లవాళ్ళకు, బళ్ళలో మేష్టర్లకు పంపుతారు. అదే ప్రూఫు ప్రతి. ఆ తర్వాత రచయిత ఏదో మారుస్తాడు, ఎడిటరు ఏదో కోస్తాడు, అసలు పుస్తకం వస్తుంది. ఇక ప్రూఫు ఎవరికీ అక్కర్లేదు. తూకానికి పోతుంది. పిల్లలు ఎంత ఇష్టపడ్డ నవలకైనా దాని ప్రూఫులు రెండో మూడో మిగులుతాయి. ఆ పిల్లలే పెద్దయ్యాక వాటిని వెతుక్కుంటూ వస్తారు.

మా ఊళ్ళో ఇవి ఎందుకు దొరికేవంటే, మాది బదిలీల ఊరు. రైల్వే వాళ్ళకు ఆర్డరు వచ్చిందంటే పది రోజుల్లో ఇల్లు సర్దాలి. సర్దేటప్పుడు ముందు బయటికి పోయేవి పుస్తకాలే. ఏ క్వార్టర్లో మేష్టరమ్మ ఉంది, ఎవరింటికి కలకత్తా నుంచి పుస్తకాల కట్టలు వచ్చేవి, ఎవరికి బదిలీ అయింది, ఇవన్నీ దాదాకి తెలుసు. ఊరి బయట సాలువా వైపు తిరిగే పాత కాగితాల ఆసామి కూడా పిల్లల బొమ్మలున్న కట్ట ఏది దొరికినా విప్పకుండా మా దగ్గరికే తెచ్చేవాడు.

కొన్నాక అసలు పని మొదలవుతుంది. ప్రూఫును, బజారులో వచ్చిన పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి వరుసవరుసా పోల్చాలి. “కత సదవడానికి కూకోకు. ఏటి మారిందో సూడు,” అనేవాడు. నేను మాత్రం కథే చదివేదాన్ని.

ఆ రోజుల్లో బెంగాలీ పిల్లలు ప్రాణం పెట్టిన నవలలు అయిదు ఉండేవి. ఒక పిల్ల, ఆ పిల్ల ఉప్పుతో చేసుకున్న ఒక పిట్ట. పిట్ట ఎగురుతుంది, మాట్లాడుతుంది, వాన పడితే మాత్రం కరిగిపోతుంది. మేము తెలుగులో వాటిని ఉప్పు పిట్ట పుస్తకాలు అనుకునేవాళ్ళం. మూడో భాగం ప్రూఫులో తొమ్మిదో అధ్యాయంలో పిట్ట కరిగిపోయింది. అచ్చయిన పుస్తకంలో అదే అధ్యాయంలో ఆ పిల్ల దాన్ని నోట్లో దాచుకుని వాన దాటించింది. వేలు రెండు పేజీల మీదా పెట్టి ఎంతసేపు కూర్చున్నానో. పిట్టను ఎవరు బతికించారు? రచయితకే జాలి కలిగిందా, ఇంట్లో పిల్లలు ఏడ్చారా, ఎడిటరు వద్దన్నాడా? దాదాని అడిగితే, “తెలిస్తే ఇంక ఇవి కొనడమెందుకు?” అన్నాడు. ఈ పనిలో నన్ను నిలబెట్టింది ఆ ప్రశ్నే.

దాదాలో నాకు నచ్చనిదీ చెప్పాలి. ఇళ్ళకు వెళ్ళి కొనేటప్పుడు, అది ఏమిటో ఆ ఇంటివాళ్ళకు చెప్పేవాడు కాదు. ముఖం అమాయకంగా పెట్టి రద్దు కాగితంలా పట్టుకొచ్చేవాడు. తప్పు దాదా అంటే, “చెప్తే వాలు ఇవ్వరు, దాసుకోరు కూడా, అటకమీద పెట్టి చెదలకిస్తారు,” అనేవాడు. అందులో కొంత నిజం ఉంది. అయినా నాకు మింగుడుపడలేదు. మీరు అలా చేయకండి.

నల్ల గుడ్డ

నేను చేరిన రెండో ఏడు చలికాలంలో దాదా కంటి ఆపరేషనుకని కటక్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. కొట్టు నా మీద పెట్టాడు. ఆ రోజుల్లోనే బదిలీ అయిన ఇంటి కట్టలో ఉప్పు పిట్ట మొదటి భాగం ప్రూఫు దొరికింది. దాదా నాలుగేళ్ళుగా వెతుకుతున్నది అదే.

దానికి పైన ఒక కాగితపు తొడుగు కూడా ఉంది, రంగుల బొమ్మతో. ఎలుక కొరికింది, ఉచ్చ మరకలు, వాసన. మా ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. బాగా చూసుకోవాల్సిన పుస్తకమైతే పైనున్న రంగుల అట్ట తీసేసి నల్ల క్యాలికో వేస్తాం. బైబిలుకు అంతే, కీర్తనల పుస్తకానికి అంతే. గౌరవమంటే నల్ల గుడ్డ అని నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అనుకున్నాను. దాదా నాకు లోపలి అక్షరాలు పోల్చడమే నేర్పాడు గదా, పైది బట్ట లాంటిదే అనుకున్నాను. ఆయన వచ్చేసరికి చక్కగా చేసి పెడదామని తొడుగు తీసేశాను. అంచులు కోసి సమం చేశాను. నల్ల గుడ్డ బైండింగు వేశాను. వేసినందుకు దేవునికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను.

దాదా తిరిగొచ్చి పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“దీనికి తానం సేయించి కొత్త బట్టలు తొడిగినావు రూత్. ఇప్పుడిది ఎవరో ఎలాగ పోల్చుకోవాల?”

ఆ తొడుగు ఏం చేశానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, అప్పటికీ అది ఆయన ముచ్చట చెడగొట్టడమే అనుకున్నాను, అంతకంటే పెద్దదనుకోలేదు.

తాల్‌బగీచా దీదీ

వానలు మొదలయ్యాక ఒకావిడ కొట్టుకొచ్చింది. యాభై దాటిన మనిషి, గొడుగు మడిచి బయటే నీళ్ళు విదిలించి లోపలికి వచ్చింది. పేరు శోభా దీదీ. మా ఊళ్ళోనే తాల్‌బగీచాలో ఇంటి దగ్గర పిల్లలకు బొమ్మలు నేర్పుతుంది. ఉప్పు పిట్ట మొదటి భాగం ప్రూఫు మా దగ్గర ఉందని ఎవరో చెప్పారట.

ఆవిడ బెంగాలీలో చెప్పింది తెలుగులో రాస్తున్నాను. “ఆ అయిదు పుస్తకాల్లో బొమ్మలు నావి. మొదటిది అచ్చయ్యేముందు ప్రెస్సు వాళ్ళతో మాటామాటా వచ్చింది. ఇక మీ పనికి రానన్నాను. పుస్తకం వచ్చేసరికి నా పేరు లేదు, బొమ్మలు వేసింది ప్రెస్సు స్టూడియో అని ఉంది. అసలు బొమ్మలు వాళ్ళ దగ్గరే ఉండిపోయాయి. తర్వాతి నాలుగింటికీ అవసరం కొద్దీ వేశాను, పేరు లేకుండానే.”

ఇప్పుడు వేరే ప్రచురణకర్త అయిదు భాగాలూ కలిపి దసరా పూజల ముందు తెస్తున్నాడు. ఈవిడ వెళ్ళి అడిగితే, మీ పేరుతో అచ్చయిన కాగితం ఏదైనా చూపించండి, వేస్తాం అన్నారు. మొదటి ప్రూఫు తొడుగులో, అట్ట లోపలికి మడిచే అంచు మీద, ఆవిడ పేరు ఉంది. ఆవిడ కళ్ళతో చూసింది. అది తప్ప ఇంకెక్కడా లేదు.

“నా దగ్గర నేర్చుకునే పిల్లలందరి ఇళ్ళలోనూ ఆ పుస్తకం ఉంది,” అంది. “మొన్న ఒక పిల్ల తెచ్చి, దీదీ ఇవి మీ బొమ్మలేనా, మరి మీ పేరేదీ అని అడిగింది. వెనక వాళ్ళమ్మ నవ్వు దాచుకుంటోంది.”

దాదా నల్ల గుడ్డ పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ ఇటూ అటూ తిప్పింది. “తొడుగు ఏదీ?” అంది.

 దాదా నావైపు చూడలేదు. దొరికినప్పుడే లేదని నేను అంటే సరిపోయేది. ఆవిడకు తెలిసే దారి లేదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా, అబద్ధమెందుకు.

“నేనే తీసేశాను దీదీ,” అన్నాను.

“పారేశావా?”

పారేయలేదు. మా నాన్న నేర్పిన పద్ధతిలో దళసరి కాగితం పారేయకూడదు. రెండేసి వేళ్ళ వెడల్పు పేలికలుగా కోసి, వేరే పుస్తకాలు కట్టేటప్పుడు వెన్ను మీద కుట్టుకూ పైన గుడ్డకూ మధ్య అంటిస్తాం. వెన్ను గట్టిపడుతుంది. ఆ వారం నేను ఇంట్లో కట్టినవి మా సంఘంవాళ్ళ కీర్తనల పుస్తకాలు. ఏటా క్రిస్మస్ ముందు ఉచితంగా బైండింగు చేసి ఇవ్వడం నా మొక్కుబడి. ఆ ఏడు పద్దెనిమిది. ఆవిడ పేరు వాటిలో ఏదో ఒకదాని వెన్నులో ఉంది.

పద్దెనిమిది వెన్నులు

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారి అనుమతితో లేచి నిలబడి విషయం చెప్పాను. అందరిముందూ నా పని నేనే తప్పని చెప్పుకోవడం అదే మొదలు. చాలామంది అక్కడికక్కడే పుస్తకం చేతిలో పెట్టారు. ఎలా కట్టావో అలాగే కట్టి ఇవ్వు అన్నారు, అంతే. ఆ నమ్మకానికి ఈనాటికీ నేను రుణపడే ఉన్నాను.

విప్పడం కోయడం కాదు. కెటిల్లో నీళ్ళు మరగబెట్టి ఆవిరి పట్టాలి. మైదా జిగురు మెత్తబడగానే గుడ్డను ఒక మూల నుంచి గోటితో లేపాలి. తొందరపడితే లోపలి కాగితం పొరగా చీలుతుంది. రోజుకు రెండు పుస్తకాల కంటే ఎక్కువ కాలేదు. దొరికిన పేలికలను దాదా ఒక పలక మీద వరసగా పెట్టేవాడు. ఒకదాంట్లో ఆ పిల్ల జడ. ఒకదాంట్లో వాన గీతలు. నాలుగోదాంట్లో రెక్క, చివరి ఈక సగంలో తెగిపోయింది. శోభా దీదీ రోజూ వచ్చి కూర్చునేది. ప్రతి ముక్కనూ దగ్గరికి తీసుకుని చూసేది. నాకేమో భయంతో పాటే ఒక కుతూహలం. తప్పు చేసినదాన్ని నేనే అయినా, రేపు విప్పే వెన్నులో ఏ ముక్క ఉందో అని రాత్రి నిద్రపట్టేది కాదు.

పదిహేడు పుస్తకాలు విప్పాం. పేరు దొరకలేదు. మిగిలింది ఎస్తేరు పిన్ని పుస్తకం. పిన్నికి డెబ్భై ఏళ్ళు, నోరు గట్టిది. ఆదివారం అడిగితే వినపడనట్టు వెళ్ళిపోయింది. నేనే ఇంటికి వెళ్ళాను.

“ఏటే రూతూ, కిస్మస్‌కి కట్టిన పుస్తకం వానాకాలానికి ఇప్పెత్తానంతావేటి? కట్టినప్పుడు బుర్ర ఎక్కడెట్టినావు?”

“తప్పయిపోనాది పిన్నీ. దాని ఎన్నులో ఒకావిడ పేరుండిపోనాది.”

“ఎవులి పేరు?”

“తాల్‌బగీచాలో బొమ్మలేసే దీదీ.”

“మన సంగం మనిసేనా?”

“కాదు పిన్నీ.”

పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. “అయితే ఆర్నెల్లుగా ఆ మనిసిని సంకనెత్తుకుని నేను పాడతన్నానన్నమాట,” అంది. పుస్తకం కొంగులోంచి తీసింది గాని చేతికివ్వలేదు. “మా పిల్లలు పుట్టిన రోజులన్నీ ఇందులోనే రాసినాను. ఒక్క కాయితం తగ్గినా నిన్ను గుమ్మం ఎక్కనివ్వను. పద, నేనూ వత్తాను.”

వచ్చి నా పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. కెటిలు ఆవిరి పడుతుంటే, “సాలు సాలు, ఉడకబెట్టెయ్యకు,” అని ఒకటే గోల. గుడ్డ లేచింది. కింద పేలిక తిరగేసి అంటించి ఉంది. తడి గుడ్డతో అద్ది అద్ది తీసి తిప్పాను. గోధుమరంగు తిరిగిన కాగితం, ఒక అంచున తెగిన ఈక మొన, దాని కింద చిన్న అక్షరాల్లో ఒక వరస. శోభా దీదీ చదవలేకపోయింది, కళ్ళు నిండిపోయాయి. నేను చదివి వినిపించాను.

“అదేనా?” అంది పిన్ని.

“అదే.”

“మరి ఏడుస్తాదేటి, టీ పెట్టు.”

కలకత్తాలో

దాదా, శోభా దీదీ, నేను ముగ్గురం పొద్దున్నే లోకల్ రైల్లో వెళ్ళాం. కొత్త ప్రచురణకర్త ఆఫీసులో ఎడిటరు కుర్రవాడే, మర్యాదస్తుడు. పేరున్న పేలిక చూసి తల అడ్డంగా ఊపాడు. “దీదీ, మీరు చెప్పేది నిజమే అయుండొచ్చు. కానీ ఇది ఒక కాగితం ముక్క. ఈ పుస్తకం తొడుగుదే అని ఎలా అనుకోవాలి?”

దాదా పలక బల్లమీద పెట్టి ముక్కలన్నీ పేర్చాడు. పేరున్న పేలికను తెచ్చి రెక్క పక్కన ఆనించాడు. సగంలో తెగిన ఈక మొనతో కలిసింది. వాన గీతలు ఒక ముక్కలోంచి ఇంకో ముక్కలోకి వంకర లేకుండా నడిచాయి. ఎడిటరు కుర్చీలోంచి లేచి వంగి చూశాడు.

“దీన్ని ఇలా కోసిందెవరు?”

“నేనే,” అన్నాను.

“ఎప్పుడు, ఎందుకు కోశారో రాసి ఇస్తారా?”

బెంగాలీలో అంత పెద్ద కాగితం నేను అంతకుముందు ఎప్పుడూ రాయలేదు. దొరికిన ఇంటి సంగతి, ఎలుక కొరుకుడు, నల్ల గుడ్డ, కీర్తనల పుస్తకాలు, అన్నీ జరిగిన వరసలో రాసి సంతకం పెట్టాను. మీరు ఏ సంస్థ అని అడిగాడు. బైండింగు చేస్తానండీ అన్నాను. ఆ మాటే కింద రాసుకున్నాడు.

ముక్కలు, నల్ల గుడ్డ పుస్తకం ప్రస్తుతానికి ఆఫీసులో ఉంచాలన్నాడు. నాకు దాదాని చూడాలంటే బెరుకేసింది. నాలుగేళ్ళు వెతికినది, ఇప్పుడు తొడుగుతో సహా దొరికినట్టయినది. దాదా పలకను ఒక్కసారి సవరించి, “ఉంచండి,” అన్నాడు. అవి తిరిగి రాలేదు. ఆ ఆఫీసు వేరే చోటికి మారినప్పుడు ఎక్కడో పోయాయన్నారు. ఇళ్ళల్లో అమాయకంగా ముఖం పెట్టే మనిషి ఆ రోజు చేసిన పని కూడా ఇక్కడ రాయకపోతే అన్యాయం అవుతుంది.

ఆ తర్వాత నా పని పద్ధతి మారింది. ఏ పుస్తకం చేతికొచ్చినా ముందు ఒక కాగితం మీద అది ఎలా ఉందో రాసేదాన్ని. మరక ఎక్కడ, చినుగు ఎక్కడ, ఎవరి పెన్సిలు గీత ఎక్కడ. రాశాకే ముట్టుకునేదాన్ని. ముట్టుకోవాల్సిన పని చాలాసార్లు ఉండదు. తుడవడం కంటే పెట్టెలో పెట్టడం మేలు. తప్పు చేస్తే మాత్రం ఆ రోజే చెప్పండి. తొడుగు ఏం చేశానో చెప్పకుండా నేను వానలదాకా ఊరుకున్నందుకు పద్దెనిమిది పుస్తకాలు విప్పాల్సి వచ్చింది. దొరికాయి గనక ఇది రాయగలుగుతున్నాను. దొరకకపోయే అవకాశమే ఎక్కువ, దొరకడం నా తెలివి కాదు, పైవాడి దయ.

పూజలకు వారం ముందు శోభా దీదీ కొత్త పుస్తకం పట్టుకుని కొట్టుకొచ్చింది. అయిదు భాగాలూ ఒక్క అట్టలో. మొదటి పేజీలోనే రచయిత పేరు కింద ఆవిడ పేరు. దాదా గట్టిగా చదివాడు. నేను మనసులో స్తోత్రం చెప్పుకున్నాను. ఆవిడ ఆ పేజీ మీద నిలవలేదు. గబగబా తిప్పుకుంటూ పోయి ఒక బొమ్మ దగ్గర ఆగింది.

“ఈ పిట్ట ముక్కు చూడు రూత్. వంకర. ఆ రోజు తొందరలో వేశాను. ఇన్నేళ్ళూ స్టూడియోవాడి ముక్కు అనుకుని ఊరుకున్నాను. ఇక నాదే కదా.”

పెన్సిలుందా అని అడిగింది. దాదా చెవిమీదున్నది తీసి ఇచ్చాడు. ముందు గదిలో రద్దు కాగితం ఒకటి లాక్కుని, గొడుగు కాళ్ళ దగ్గర పడేసి, ఆ ముక్కు మళ్ళీ వేసింది. అదీ నచ్చలేదు. పక్కనే రెండోది మొదలుపెట్టింది.